క్యాంపస్ స్టార్టప్ కోర్సు: కోరిక పెంచుతోంది సరే, చేవ పెంచుతోందా?

విశ్వవిద్యాలయాలు విద్యార్థుల ముందు పెడుతున్న ఆంత్రప్రెన్యూర్‌షిప్ ప్యాకేజీ ఇప్పుడు దాదాపు ఎక్కడ చూసినా ఒకే అచ్చులో ఉంటోంది. ఒక సెమిస్టర్ ఎలెక్టివ్, గెలిచినవాళ్ల ఉపన్యాసాలు, బిజినెస్ ప్లాన్ పోటీ, మినీ కంపెనీ, పైన ఒక ఇంక్యుబేటర్ (కొత్త సంస్థలకు చోటూ సలహాలూ ఇచ్చే కేంద్రం). దీనికి విద్యార్థి పెట్టే ఖర్చు ఫీజు ఒక్కటే కాదు. వారానికి కొన్ని గంటల చొప్పున ఒక సెమిస్టర్ పోతుంది, ఆ గంటల్లో చదవగలిగిన మరో సబ్జెక్టు పోతుంది. అంత తీసుకునే సేవను మిగతా సేవల్లాగే పట్టి చూడాలి: ఏం ఇస్తామంటున్నారు, ఏం ఇస్తున్నారు, ఏ భాగం పనిచేస్తోంది, ఏది మధ్యలో ఆగిపోతోంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఈ ప్యాకేజీలో ముక్కూ మొహం తెలియని మనిషికి ఏదైనా అమ్మించే భాగం ఉంటే చేరడం దండగ కాదు. అది లేకపోతే మిగిలేది ఉత్సాహం. ఉత్సాహం చెడ్డది కాదు గానీ, అది సెమిస్టర్ సెలవులు దాటి నిలవదు.

అసలు ఏం అమ్ముతున్నారు

ఈ కోర్సులన్నీ చెప్పుకునే ఫలితం పేరు 'వ్యాపార సంకల్పం'. అంటే, సొంతంగా ఒక సంస్థ పెట్టాలన్న గట్టి ఉద్దేశం. దీన్ని విడదీసి చూపినవాళ్లలో ముఖ్యుడు మనస్తత్వ శాస్త్రవేత్త ఐసెక్ అజెన్. ఆయన 1991లో వివరించిన సిద్ధాంతాన్ని మామూలు మాటల్లో చెబితే మూడు ప్రశ్నలు. ఇది నాకు ఇష్టమా? నా వాళ్లు సరేనంటారా? నా వల్ల అవుతుందా? వీటికి వచ్చే జవాబులను బట్టి సంకల్పం బలపడుతుంది, లేదా సన్నగిల్లుతుంది. అంతకు ముందే, 1982లో, ఆల్బర్ట్ షపేరో, లీసా సోకల్ ఇంకో మాట చేర్చారు. మనిషి మామూలుగా నడుస్తున్న దారిలోనే నడుస్తాడు; ఉద్యోగం పోవడమో, చదువు ముగియడమో, కలిసివచ్చే మనిషి ఎదురుపడటమో జరిగినప్పుడే దారి మార్చడం గురించి ఆలోచిస్తాడు. చదువు ముగిసే ఘడియ అలాంటి మలుపే. విశ్వవిద్యాలయానికి ఉన్న అసలు బలం ఇక్కడుంది. మలుపు దగ్గర నిలబడి ఉన్న మనిషి అందరికంటే ముందు విశ్వవిద్యాలయానికే దొరుకుతాడు.

మూడు ప్రశ్నల్లో కోర్సులు ఎక్కువగా పట్టుకునేది మొదటిది, తేలిక కాబట్టి. కష్టమైనది మూడోది. 'నా వల్ల అవుతుంది' అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో 1977లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా నాలుగు దారులుగా చెప్పాడు: స్వయంగా చేసి నెగ్గడం, తనలాంటివాడు చేస్తుండగా చూడటం, ఇతరులు ధైర్యం చెప్పడం, ఆ సమయంలో ఒంట్లో కలిగే దడను ఎలా అర్థం చేసుకుంటామన్నది. వీటిలో మొదటిదే అన్నిటికంటే గట్టిది. ఈ నాలుగింటినీ దగ్గర పెట్టుకుని చూస్తే, ప్యాకేజీలో ఏ భాగం ఎంతవరకు లాగుతుందో ముందే చెప్పవచ్చు.

అంకెలు చెప్పేది

2014లో బే అనే పరిశోధకుడు, ఆయన సహచరులు 73 అధ్యయనాలను, వాటిలోని 37,285 మందిని ఒకచోట చేర్చి లెక్క కట్టారు. ఆంత్రప్రెన్యూర్‌షిప్ చదువుకూ సంకల్పానికీ మధ్య సంబంధం ఉన్న మాట నిజమేనని, కానీ చిన్నదని తేలింది: కోరిలేషన్ 0.143 (సున్నా అంటే సంబంధమే లేదని, ఒకటి అంటే పూర్తిగా ఉందని). ఇంకో మెట్టు దిగి, కోర్సుకు ముందే ఆ విద్యార్థుల్లో సంకల్పం ఎంత ఉందో కూడా లెక్కలోకి తీసుకుంటే, ఆ చిన్న సంబంధం కూడా గణాంకపరంగా నిలబడలేదు.

కారణం వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. ఎలెక్టివ్‌ను ఎంచుకునేవాళ్లలో చాలామంది ముందే వ్యాపారం వైపు మొగ్గి ఉన్నవాళ్లు. కోర్సు చివర వాళ్లను 'పెడతారా?' అని అడిగితే 'పెడతాం' అంటారు. అది కోర్సు ఘనత కాదు, చేరినవాళ్ల మొగ్గు. తమ కోర్సు పూర్తిచేసినవాళ్లలో ఇంతమందికి వ్యాపారం పెట్టాలని ఉందని బ్రోషర్‌లో రాసుకున్న చోటల్లా, చేరకముందు ఎంతమందికి ఉందో అడగండి. ఆ అంకె పక్కన లేకపోతే రాసిన అంకెకు విలువ లేదు.

ఉపన్యాసాలు

ముందుగా న్యాయంగా చెప్పాల్సిన మాట: ఇవి పనిచేస్తాయి. 2007లో సూటారిస్, జెర్బినాటి, అల్-లహామ్ లండన్‌లో, ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో సైన్సు, ఇంజినీరింగ్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో కోర్సు చేసినవాళ్లు 124 మంది, పోలికకు తీసుకున్నవాళ్లు 126 మంది. కోర్సులో సంకల్పాన్ని పెంచింది పాఠాలో, చేతికొచ్చిన వనరులో కాదు, స్ఫూర్తి. ఒక మనిషో, ఒక మాటో, ఒక సంఘటనో లోపల ఏదో కదిలించడం. కాబట్టి స్ఫూర్తిని చిన్నచూపు చూడకూడదు.

ఇబ్బంది ఎక్కడంటే, పిలిచేవాళ్లలో గెలిచినవాళ్లే ఉంటారు. వినే విద్యార్థికి ఆ మనిషి 'తనలాంటివాడు' అనిపించడు, దాంతో బండూరా చెప్పిన రెండో దారి మూసుకుపోతుంది. అదే కోర్సు రెండేళ్ల కిందట చేసి, చిన్నదో పెద్దదో ఒక వ్యాపారం నడుపుతున్న పాత విద్యార్థి వచ్చి మొదటి ఆరు నెలల జమాఖర్చులు తెర మీద చూపిస్తే, దాని బలం వేరు. మూసేసినవాళ్లను కూడా పిలవాలి. ఎప్పుడు మూయాలనుకున్నారు, ఆ రోజు చేతిలో ఎంత మిగిలింది, అప్పు ఎవరికి ముందు తీర్చారు అన్నవి వాళ్లు మాత్రమే చెప్పగలరు. ఇలాంటి ఉపన్యాసాలు సెమిస్టర్‌కు రెండు చాలు. పది పెట్టారంటే పాఠం చెప్పేవాళ్లు దొరకలేదని అర్థం.

బిజినెస్ ప్లాన్ పోటీ

దీన్ని కోర్సుకు గుండెకాయగా పెట్టిన చోట చేరవద్దని మా సలహా. ముప్ఫై పేజీల ప్లాన్‌లో మంచి మార్కులు రావడానికి కావలసింది రాత, స్ప్రెడ్‌షీట్, స్లైడ్లు. ఈ మూడింటిలో దేనికీ కొనేవాడితో పనిలేదు. ఎక్కువగా దొర్లే తప్పు ఒకటే: 'మార్కెట్ ఇంత పెద్దది, అందులో ఒక్క శాతం పట్టుకున్నా చాలు' అని రాయడం. ఆ ఒక్క శాతంలోని మొదటి ఇరవైమంది ఎవరు, ఏ ఊళ్లో ఉంటారు, వాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు అని జ్యూరీ అడిగితే ప్లాన్ అక్కడే ఆగిపోతుంది. మంచి జ్యూరీ అదే అడుగుతుంది. ఐదేళ్ల ఆదాయ పట్టిక జోలికి పోదు.

మినీ కంపెనీ

మంచీ చెడూ రెండూ బాగా కనిపించేది ఇక్కడే. విద్యార్థులు జట్టుగా ఒక చిన్న కంపెనీ పెడతారు, వాటాలు అమ్మి పెట్టుబడి పోగేస్తారు, పదవులు పంచుకుంటారు, ఒక వస్తువు తయారు చేసి అమ్ముతారు, ఏడాది చివర లెక్కలు తేల్చి మూసేస్తారు. వినడానికి స్వయంగా చేసి నేర్చుకునే దారి ఇదే అనిపిస్తుంది.

అయితే నెదర్లాండ్స్‌లో ఒక కాలేజీకి చెందిన రెండు క్యాంపస్‌లలో ఒకదానిలో ఈ కార్యక్రమాన్ని తప్పనిసరి చేసి, రెండోదాన్ని పోలికగా పెట్టుకుని ఊస్టర్‌బేక్, వాన్ ప్రాగ్, ఐసెల్‌స్టైన్ చూశారు. 2010లో అచ్చైన ఆ ఫలితం చాలామందికి మింగుడుపడలేదు. విద్యార్థులు తమ నైపుణ్యాలకు తాము వేసుకున్న అంచనాలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, సంకల్పం మాత్రం తగ్గింది.

ఆ తగ్గుదల మంచిదా చెడ్డదా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఇలాంటి కార్యక్రమాలు ఎక్కడ చెడతాయో చెప్పాలి. ఒకటి, జట్టు పరిమాణం. పదిమందికి చేరితే ముగ్గురు పనిచేస్తారు, మిగతావాళ్లకు పదవులు ఉంటాయి. నలుగురు దాటకూడదు. రెండోది, కొనేవాళ్లు. జట్టు సభ్యుల ఇంటివాళ్లు, స్నేహితులు, మార్కులు వేసే అధ్యాపకులే సరుకంతా కొంటే ఆ అమ్మకం నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. అమ్మకాల పుస్తకంలో ఒక గడి అదనంగా గీసి, కొన్న మనిషి జట్టులో ఎవరికైనా ముందే తెలుసా లేదా రాయించాలి. మార్కులు తెలియనివాళ్లకు జరిగిన అమ్మకాల మీదే వేయాలి. ఈ ఒక్క గడితో జట్టు నడత మారిపోతుంది. మూడో వారానికే 'ఇది కొనేదెవరు' అన్న ప్రశ్న వాళ్లలో వాళ్లకే వస్తుంది.

మూడోది, పని గంటలు లెక్కలోకి రాకపోవడం. నలుగురు సభ్యులు వారానికి ఆరేసి గంటల చొప్పున పన్నెండు వారాలు పనిచేశారనుకుందాం. మొత్తం 288 గంటలు. చివర మిగిలిన లాభాన్ని 288తో భాగించి, గంటకు ఎంత పడిందో బోర్డు మీద రాయాలి. అమ్ముడుపోని సరుకును లాభంలో కలపకూడదు, అది నష్టం కిందికే పోవాలి. ఈ భాగాహారం చేయని మినీ కంపెనీ విద్యార్థికి ఒక తప్పుడు నమ్మకం ఇచ్చి పంపిస్తుంది, ఊరికే వచ్చిన శ్రమను లాభమని చూపిస్తుంది. భాగాహారం చేశాక కూడా 'ఇంకోసారి పెడదాం' అన్న విద్యార్థి సంకల్పం గట్టిది. వద్దనుకున్నవాడికి కూడా నిజం తెలిసింది.

కొనేవాళ్ల దగ్గరికి పంపే కోర్సులు

ప్యాకేజీలో మేము అన్నిటికంటే ఎక్కువ విలువ కట్టేది ఈ భాగానికే. ఏదైనా తయారు చేయకముందే విద్యార్థులు కొనబోయేవాళ్లను కలిసి మాట్లాడాలి. అమెరికా వ్యాపారవేత్త, అధ్యాపకుడు స్టీవ్ బ్లాంక్ 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. అదే ఏడాది పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఐ-కోర్ పేరుతో పరిశోధకుల జట్లకు దీన్ని తీసుకుంది. అక్కడి జాతీయ స్థాయి శిక్షణలో ఒక్కో జట్టు ఏడు వారాల్లో కనీసం వందమందితో మాట్లాడాలి, అంటే వారానికి పదిహేను దాకా. మిగతా సబ్జెక్టులు కూడా చదివే విద్యార్థికి అది అయ్యే పని కాదు. వారానికి ఐదుగురు, పన్నెండు వారాలకు అరవైమంది అన్నది మోయదగ్గ బరువు. ఇరవైకి తగ్గిస్తే జవాబుల్లో ఒక పోలిక కనిపించకముందే సెమిస్టర్ అయిపోతుంది.

మాట్లాడటం ఎలాగో నేర్పే కోర్సునూ నేర్పని కోర్సునూ మొదటి వారం చిట్టా చూసి గుర్తుపట్టవచ్చు. నేర్పని చోట విద్యార్థి అడిగేది ఇది: 'ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?' ఎదుటి మనిషి మర్యాద కొద్దీ 'వాడతాను' అంటాడు. అరవైమంది 'వాడతాం' అన్నాక యాప్ కడితే ఒక్కరూ రారు. అడగాల్సింది జరిగిపోయిన దాని గురించి. 'పోయినసారి ఈ ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశారు? ఎంతసేపు పట్టింది? దానికి డబ్బు ఖర్చు పెట్టారా? ఆ తర్వాత వేరే దారి వెతికారా?' వెతకనే లేదంటే అది వాళ్లకు ఇబ్బందే కాదు. తన ఆలోచన చెప్పడానికి విద్యార్థి నోరు తెరవాల్సింది ఇవన్నీ అయ్యాకే.

జట్టులో ఇద్దరు వెళ్లాలి. ఒకరు మాట్లాడతారు, ఒకరు మాటకు మాట రాసుకుంటారు. అదే రోజు రాత్రికి మూడు వరుసలు రాయాలి: మనం అనుకున్నది, వాళ్లు చెప్పింది, మార్చాల్సింది. రెండో రోజుకు వాయిదా వేస్తే రాసేది వాళ్లు చెప్పింది కాదు, మనం వినాలనుకున్నది.

ఈ భాగం కూడా చెడుతుంది. ఎక్కువగా అంకె కోసం పరుగెత్తడం వల్ల. ఆన్‌లైన్ ఫారం పంపి రెండు వందల జవాబులు వచ్చాయని చూపిస్తారు. ఫారం ఎదురు ప్రశ్న వేయదు, మొహం చిట్లించదు. దాన్ని ఒక్క మాటామంతీకి కూడా సమానంగా లెక్క వేయకూడదు.

ఇంకా ముందుకు వెళ్లి, శిక్షణ నడుస్తుండగానే నిజమైన వ్యాపారం పెట్టించే కార్యక్రమాలూ ఉన్నాయి. జర్మనీలోని లూనెబర్గ్ పరిశోధకులు ఉగాండా విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపిన స్టెప్ శిక్షణ అలాంటిది. పన్నెండు వారాలు, చిన్న పెట్టుబడి, జట్టుగా వ్యాపారం. మైకేల్ గీల్నిక్, మైకేల్ ఫ్రీస్ తదితరులు లాటరీ పద్ధతిలో కొందరికి శిక్షణ ఇచ్చి కొందరిని పోలికగా ఉంచి చూస్తే, శిక్షణ పొందినవాళ్లలో వ్యాపారం పెట్టడం పెరిగింది. అక్కడ పాఠం పని చుట్టూ తిరిగింది. మిగతా చోట్ల పని పాఠం చివర ప్రాజెక్టుగా మిగులుతోంది.

సంకల్పం తగ్గితే కోర్సు చెడ్డదా?

కాదు. ఈ సమీక్షలో మేము నొక్కి చెప్పదలచుకున్నది ఇదే. 2010లోనే ఫాన్ గ్రేవెనిట్స్, హార్హోఫ్, వెబర్ మ్యూనిక్‌లో ఒక తప్పనిసరి కోర్సును పరిశీలిస్తే, విద్యార్థులు తమ నైపుణ్యం పెరిగిందన్నారు, సగటు సంకల్పం మాత్రం కాస్త తగ్గింది. వాళ్ల వివరణ సబబుగా ఉంది: తనకు ఈ పని నప్పుతుందో లేదో విద్యార్థికి ముందు సరిగ్గా తెలియదు, కోర్సు ఆ సంగతి తెలుసుకునే అవకాశం ఇచ్చింది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్ మీద లెర్నర్, మల్మెండియర్ 2013లో ప్రచురించిన పని దీన్ని ఇంకోవైపు నుంచి చూపిస్తుంది. ముందే వ్యాపారం చేసి వచ్చిన సహాధ్యాయులు ఎక్కువగా ఉన్న సెక్షన్‌లో, చదువు తర్వాత వ్యాపారం పెట్టినవాళ్లు తక్కువ. ఆ తగ్గుదల చాలావరకు నెగ్గని వ్యాపారాల్లోనే. చేసి వచ్చినవాడు పక్కనే కూర్చుంటే, బలం లేని ఆలోచనను బల్ల దగ్గరే తేల్చేస్తాడన్నమాట. ఏ ఉపన్యాసమూ చేయలేని పని ఇది. చేరబోయే తరగతిలో పని అనుభవం ఉన్నవాళ్లు ఎంతమంది ఉంటారో అడగడం అందుకే తెలివైన ప్రశ్న.

సగటును మాత్రమే చూస్తే ఈ మేలు కనపడదు. ఉదాహరణకు ఇరవైమంది ఏడు మార్కుల కొలతలో నాలుగు దగ్గర మొదలయ్యారు. కోర్సు తర్వాత పదిమంది ఆరుకు వెళ్లారు, పదిమంది రెండుకు వచ్చారు. సగటు అదే నాలుగు. 'ప్రభావం లేదు' అని నివేదిక రాస్తారు. కానీ ఇరవైమందికీ తమ దారి తేలింది.

కొలిచేటప్పుడు జరిగే తప్పులు

ఎక్కువమంది వాడే కొలబద్ద లిన్యాన్, చెన్ 2009లో స్పెయిన్, తైవాన్‌లలో 519 మందితో పరీక్షించిన ప్రశ్నావళి. ఇరవై వాక్యాలు: ఇష్టం గురించి ఐదు, దగ్గరివాళ్ల ఆమోదం గురించి మూడు, 'నా వల్ల అవుతుందా' మీద ఆరు, సంకల్పం మీద ఆరు. పనిముట్టు బాగానే ఉంది. వాడకమే బాగుండదు. పిచ్ పోటీ (తమ ఆలోచనను జ్యూరీకి వినిపించే పోటీ) బహుమతులు ఇచ్చిన సాయంత్రమే ఫారాలు పంచుతారు, ఆ వేడిలో అందరూ ఏడు పెడతారు. కోర్సు మధ్యలో మానేసినవాళ్లు లెక్కలో ఉండరు. పైగా మొదటి రోజున ఏమీ తెలియక 'నా వల్ల అవుతుంది'కి ఆరు పెట్టినవాడు, పని లోతు తెలిశాక నిజాయితీగా నాలుగు పెడతాడు. అది నేర్చుకున్నట్టు గుర్తు, కాగితం మీద మాత్రం నష్టంలా కనిపిస్తుంది.

మొదటి తరగతికి ముందు ఒకసారి, ముగిసిన రెండు వారాల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత మరోసారి, ఒక్కో విద్యార్థికి ప్రతిసారీ అదే కోడ్ నంబరుతో, కోర్సు తీసుకోని విద్యార్థులను కూడా కలిపి అడిగితే ఏదైనా తెలుస్తుంది. ఏడాది తర్వాతి ఫారంలో సంకల్పం కాకుండా పనులు అడగాలి: ఎవరికైనా అమ్మారా, డబ్బు పెట్టారా, రిజిస్టర్ చేశారా, మూసేశారా. ఆస్ట్రియా, ఫిన్‌లాండ్ ప్రజల మీద కౌటోనెన్, వాన్ గెల్డెరెన్, ఫింక్ 2015లో చూపినదాన్ని బట్టి సంకల్పమూ చేయగలనన్న నమ్మకమూ కలిసి, తర్వాత జరిగిన పనుల్లోని తేడాలో 39 శాతాన్ని మాత్రమే వివరించాయి. పట్టించుకోదగ్గ అంకే అది. కానీ మిగిలిన పెద్ద భాగం ఫారంలో లేదు.

కోర్సు బయట ఉన్న కోర్సు

ఆ మిగిలినదాంట్లో కొంత అదే క్యాంపస్‌లో ఉంటుంది. ఎలెక్టివ్‌లో తెగింపు గురించి చెప్పి, హాజరు రెండు శాతం తగ్గితే పరీక్షకు రానివ్వని చోట విద్యార్థి నమ్మేది రెండోదాన్నే. చివరి ఏడాది మొదలవగానే గోడలన్నీ ఉద్యోగ నియామకాల నోటీసులతో నిండి, వ్యాపారం పెట్టుకున్నవాడి పేరు 'ఉద్యోగం రానివాళ్ల' జాబితాలో పడితే, అజెన్ చెప్పిన రెండో ప్రశ్నకు క్యాంపస్సే జవాబు చెప్పేసినట్టు. దీనికి మందు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఏడాది విరామం తీసుకుని తిరిగి చేరే వీలు, వ్యాపారం చేస్తూ ప్రాజెక్టు క్రెడిట్లు తెచ్చుకునే వీలు, ఉద్యోగ నియామకాల్లో ఏడాది తర్వాత మళ్లీ కూర్చునే వీలు. ఈ మూడూ రాతపూర్వకంగా ఉన్న చోట కోర్సు సాధారణంగా ఉన్నా ఫరవాలేదు.

ఇంక్యుబేటర్ విషయం త్వరగా తేల్చవచ్చు. బల్లలు, ఇంటర్నెట్, మెంటర్ల ఫొటోలు ఎక్కడైనా ఉంటాయి. చూడాల్సింది ఒక జట్టు ఎన్ని నెలలు ఉండవచ్చు, మూడు నెలలకోసారి కొనేవాళ్ల లెక్క చూసి బయటికి పంపే నియమం ఉందా, మెంటర్ నెలకు ఎన్ని గంటలు నిజంగా కూర్చుంటాడు అన్నవి. గడువు లేని ఇంక్యుబేటర్‌లో కొనేవాళ్లు లేని జట్లే ఏళ్ల తరబడి కుర్చీలు పట్టుకుని ఉంటాయి.

చేరే ముందు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది హక్కుల కాగితం. విశ్వవిద్యాలయం ల్యాబ్‌లోనో, ప్రాజెక్టు నిధులతోనో తయారైనదాని మీద హక్కు ఎవరిది, ఇంక్యుబేటర్‌కు వాటా ఎంత, జట్టులో ఒకరు వెళ్లిపోతే వాళ్ల వాటా ఏమవుతుంది. ఇది చిన్న విషయమని అనుకోవద్దు. నార్వే 2003లో నియమం మార్చి, అప్పటిదాకా పూర్తిగా పరిశోధకులవిగా ఉన్న హక్కుల్లో మూడింట రెండు వంతులు విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయ పరిశోధకులు పెట్టే సంస్థలూ, తీసుకునే పేటెంట్లూ దాదాపు సగానికి పడిపోయాయని హ్విడె, జోన్స్ 2018లో చూపించారు. విద్యార్థి విషయంలో నియమాలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి నోటి మాట మీద నమ్మకం పెట్టుకోకుండా, మొదటి ప్రోటోటైప్ ల్యాబ్ యంత్రం మీద పెట్టకముందే ఆ కాగితం అడిగి తీసుకుని, జట్టంతా కూర్చుని చదివి, అర్థంకాని వాక్యం కింద గీత గీసి జవాబు రాతలో తెప్పించుకోండి.